కోనసముద్రం కొలిమి పాఠం

నిజాంపేటలో ఏ సందు తిరిగినా ఒకటే దృశ్యం... కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లు, స్లాబుపైన నిలబడ్డ ఇనుప చువ్వలు! ఆ చువ్వల తాతముత్తాతల ఊరు చూడాలంటే రెండొందల కిలోమీటర్ల పైచిలుకు వెళ్లాలి.

మేడ్చల్, కామారెడ్డి దాటి ఆర్మూరులో జగిత్యాల దారి పడితే కమ్మర్‌పల్లి వస్తుంది. పేరులోనే కొలిమి వినిపించే ఊరు! ఆ చుట్టుపక్కలే కోనసముద్రం. పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి ఉక్కు కొనుక్కెళ్లిన చోటు ఇది. ఆ కొలిముల పనితనం గురించి హెన్రీ వాయిసీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇప్పుడు కొలిములు లేవు. ఈ ప్రాంతపు నేలల్లో నల్లటి చిట్టెం గడ్డలు మాత్రం మిగిలాయి.

ఇక్కడి కమ్మరులకు మేలైన ఖనిజమేం దొరకలేదు. రాయిని దంచి, నీళ్లలో కడిగి, బరువైన ఇనుప రేణువుల్ని ఏరుకున్నారు. ఆ తర్వాతే నిప్పు!

మరి బయ్యారం సంగతో? 2014 విభజన చట్టం అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమేమో చూడమంది. ఖనిజం నాసిరకమన్న మాట అడ్డుపడింది. ఫ్యాక్టరీ రాలేదు, ఉద్యోగాలూ రాలేదు.

నాసిరకమైతే నష్టమేంటి? మట్టి, ఇసుక ఎక్కువుంటే బ్లాస్ట్ ఫర్నేస్‌లో చిట్టెం పెరుగుతుంది. దాన్ని కరిగించడానికి కోక్ బొగ్గు ఎక్కువ కావాలి. పొగా పెరుగుతుంది.

ఇక్కడే హైడ్రోజన్ ఆశ చూపిస్తోంది. బొగ్గు ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. హైడ్రోజన్ లాగితే నీటి ఆవిరే! 2023 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ ఫర్నేస్‌లోకి హైడ్రోజన్ పంపి పరీక్షించింది. కోక్ వాడకం పదిశాతం దాకా తగ్గొచ్చని అంచనా. పూర్తిగా మానడం మాత్రం కుదరదు. ఫర్నేస్‌లో ఖనిజపు బరువు మోసేది, గాలికి దారి ఇచ్చేది కోకే. పైగా హైడ్రోజన్ పనిచేసేటప్పుడు వేడిని పీల్చేస్తుంది. అందుకే ఖనిజంలో మట్టి ఎంత తక్కువుంటే అంత మేలు.

అంటే మళ్లీ మొదటికే... ముందు దంచు, కడుగు! నాసిరకం ఖనిజాన్ని శుద్ధిచేసే మార్గాలు వెతకడానికే ఎన్‌ఎండీసీ 2025లో కొత్త పరిశోధన కేంద్రం తెరిచింది. ఎక్కడో కాదు, నిజాంపేటకు దగ్గర్లోని పటాన్‌చెరులో!

ఈ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని కోనసముద్రం వెళ్లిరండి. ఓ చిట్టెం గడ్డ చూపించి, మన చువ్వల కథ అక్కడి నుంచే మొదలుపెట్టండి.