కొలువులో దండు

మా ఆత్రేయపురంలో మా ఇంటి సంక్రాంతి బొమ్మలకొలువుకు ఒక వరుస వుంది. పైమెట్టున దేవుళ్ళు, కింద శెట్టిగారూ శెట్టెమ్మా, ఆ కింద పెళ్ళివారు, కూరల అంగడి. కిందటేడు ఈ వరుసకు మా అబ్బాయి ఎసరు పెట్టాడు. చిట్టి సైనికుల బొమ్మలతో బల్లమీద పాత యుద్ధాలు ఆడే వేడుక ఒకటి పైదేశాల్లో వుంది. హెచ్.జి. వెల్స్ అంతటివాడు 1913లో దానిమీద ఒక పుస్తకమే రాశాడు. మావాడికి ఆ పిచ్చి పట్టింది.

"మెట్లకింద నేలమీద బొబ్బిలి యుద్ధం పెడదామమ్మా" అన్నాడు.

తెలుగు పాఠం చెప్పుకు బతికేదాన్ని, బొబ్బిలి వద్దనగలనా? కాకపోతే కోట పోరు వద్దు, దండు విడిసిన చోటు పెడదామన్నాను. పోరులో అందరూ కత్తెత్తినవాళ్ళే. విడిదిలోనైతే ఒక వూరికి వూరే వుంటుంది: పొయ్యిలు, ఎడ్లు, గడ్డిమోపులు, కావలివాళ్ళు, కునికేవాళ్ళు. పైగా ఆ కథ ముగిసింది కోటలో కాదు, గుడారంలోనే గదా! 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులకు కోట కూలింది, రంగారావు పడిపోయాడు. విజయరామరాజు మాత్రం గెలిచిన మూడోనాటి రాత్రి తన డేరాలోనే హతమైపోయాడు.

అసలు చిక్కంతా బొమ్మల దగ్గర వచ్చింది. మావాడు తెప్పించిన సీమబొమ్మలు బొటనవేలి గణుపంత. వాటిలో గురిపెట్టినవాడున్నాడు, ఉరికేవాడున్నాడు గాని గంజి కాచుకునేవాడు ఒక్కడూ లేడు! సరే, కొండపల్లి వెళ్ళాం. తెల్లపొణికి కర్ర చెక్కి, కాళ్ళూ చేతులూ విడిగా చేసి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులద్దుతారు. అరచేతిలో పెడితే బరువే తెలియదు. దంచే ఆడవాళ్ళు, తలపాగా రైతులు, ఎడ్లబండి, అంబారీ ఏనుగు దొరికాయి. ఆ రోజుల్లో ఫిరంగులు లాగింది ఎడ్లే గనుక బండి ఎడ్లను విప్పి ఫిరంగికి కట్టాం. ఏనుగు మాత్రం రైతు భుజందాకా వచ్చి ఆగిపోయింది. దాన్ని వెనక్కు జరిపి, దూరాన వున్నట్టు నిలబెట్టాం. ఇంకా వెనకాల సీమ సైనికులు, బుస్సీ పటాలం. కురచతనం అలా కలిసివచ్చింది.

గుడారాలకు పూతరేకులు వాడమని పక్కింటి పిల్ల సలహా. అచ్చం డేరాగుడ్డలాగే వుంటుంది, నిజమే. చీమలదండు కూడా వస్తుందని చెప్పి, పాత పంచె చింపాను.

అప్పుడు అడ్డం తిరిగారు మా అత్తయ్యగారు. ఆవిడ పుట్టిల్లు విజయనగరం.

"అమ్మాయ్, మా రాజును పొడుస్తున్నట్టు పెట్టి, ముత్తయిదువుల్ని పిలిచి పసుపూ కుంకం ఇస్తావా?"

జవాబేం చెప్పను? మనకు బొబ్బిలి కథ బొబ్బిలివైపు నుంచే అలవాటు. 1964 నాటి సినిమాలో పాపారాయుడుగా ఎస్.వి. రంగారావుని చూసినవాళ్ళకు మరో రూపం తోచదు. మావాడూ బుర్రమీసాల బొమ్మ కోసమే వెతుకుతున్నాడు.

ఆ రాత్రి కంపెనీ చరిత్రకారుడు ఓర్మ్ రాసింది మళ్ళీ చదివాను. ఆయన లెక్కలో కోటనుంచి తప్పించుకున్నవాళ్ళు నలుగురు. రెండు రోజులు పొదల్లో దాగి, విడిదిలో సందడి సద్దుమణిగాక ఇద్దరు వచ్చారు. అడిగినవాళ్ళకు జవాబు చెప్పుకుంటూ డేరాదాకా నడిచారు. మాట ఒకటే గనుక ఎవరికీ అనుమానం రాలేదు! తెలుగు మాట్లాడి ప్రాణం తీయగలిగారన్నమాట. నా వృత్తికి ఈ సంగతి కాస్త గుచ్చుకుంది. రాజు ఒంటరిగా నిద్రపోతున్నాడు. ముప్ఫైరెండు పోట్లు. ఆ ఇద్దర్నీ కావలివాళ్ళు అక్కడే కాల్చేశారు.

కనక మీసాలబొమ్మ పనికిరాదు. చూడగానే పోల్చుకునే మనిషైతే డేరాదాకా పోనే లేడు.

మావాడు ఒక పూట మూతి ముడిచాడు గాని ఒప్పుకున్నాడు. పంచెగుడ్డ తెర దించేశాం. లోపల ఏముందో కనపడదు. తలపాగా రైతుల్లో ఇద్దర్ని పొయ్యి దగ్గర వంటవాళ్ళ మధ్య పెట్టాం. ఓ చివర చంటిబిడ్డ నెత్తుకున్న ముసలాయన. రంగారావు కొడుకును చంపకుండా దాచి, లా అనే ఫ్రెంచి దొరకు అప్పగించింది ఒక ముసలివాడేనని కూడా ఓర్మే రాశాడు. అంగళ్ళలో అలాటి బొమ్మ లేదు. రైతు చేతిలో మక్కుముద్ద బిడ్డను నేనే అతికాను.

అత్తయ్యగారు చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. తరువాత డేరా ముందు ప్రమిద వెలిగించి, "చీకట్లో వుంచకండర్రా" అన్నారు.

కనుమనాడు పేరంటానికి వచ్చిన ఒకావిడ వంగి వంగి వెతికింది. "పాపారాయుడేడీ?" అంది. మావాడు పొయ్యి దగ్గరి ఇద్దర్నీ చూపించాడు.

"అయ్యో, ఆళ్ళు వంటోళ్ళు కదండీ!" అందావిడ.