పదవుల చిట్టా దాటాక

సూరి భగవంతం గురించి తెలుగులో నేను చదివిన వ్యాసాల్లో ఒకటే లోటు. 1909లో ఆగిరిపల్లిలో పుట్టారు, గుడివాడలో హైస్కూలు, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరిక. ఆపైన ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. పదవులన్నీ ఉంటాయి. చేసిన పని మాత్రం "స్ఫటికాల సౌష్ఠవం" అన్న రెండు మాటల్లో అయిపోతుంది. నవలాకారుడి గురించి రాస్తూ నవల్లో ఏముందో చెప్పకపోతే ఊరుకుంటామా?

బందరులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే మా అక్కతో ఇదే అన్నాను. "అయితే నువ్వు చెప్పు చూద్దాం, మా పిల్లలకి అర్థమయ్యేట్టు," అంది.

భగవంతం పనిచేసిన స్ఫటికం కాకుండా రేర్ ఎర్త్ వెనడేట్లని ఎంచుకున్నాను. సౌష్ఠవం ఎంతదాకా చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో వాటిలో బాగా తెలుస్తుంది.

వీటిలో ప్రతి వెనేడియం పరమాణువు చుట్టూ ఆరు ఆక్సిజన్లు పంజరంలా ఉంటాయి. దాని బయటి ఎలక్ట్రాన్లు రెండు. ఒకటి ఎప్పుడూ ఒకే ఆర్బిటాల్‌లో కూర్చుంటుంది. రెండోదానికి నిలువుగా ఉన్న రెండు ఆర్బిటాళ్ళలో ఏదో ఒకటి ఎంచుకునే వీలుంది. ఇది కాక స్పిన్ ఉంది: పైకి, లేదా కిందికి.

వరండాలో పిల్లల్ని వరసగా నిలబెట్టాం. ఆ వరస స్ఫటికంలో ఒక నిలువు స్తంభం అనుకోమన్నాం. ఎత్తిన చెయ్యి, కుడో ఎడమో, ఆర్బిటాల్. ముఖం తూర్పుకో పడమరకో తిప్పడం స్పిన్. నియమం ఒక్కటే: పక్కవాడి చెయ్యి నీ చేతికి వేరైతే ఇద్దరూ ఒకే దిక్కు చూడాలి, ఒకే చెయ్యి అయితే ఎదురు దిక్కులు చూడాలి. రెండిటా ఒకేలా ఉండటం కుదరదు.

యిట్రియం వెనడేట్‌ని చల్లబరిస్తే 200 కెల్విన్ల దగ్గర చేతులు కుదురుకుంటాయి: కుడి, ఎడమ, కుడి, ఎడమ. 116 దగ్గర ముఖాలన్నీ ఒకవైపు తిరుగుతాయి. 77 దగ్గర, అంటే సున్నాకి 196 సెల్సియస్ డిగ్రీల దిగువన, ఒప్పందం మొత్తం తిరగబడుతుంది. స్తంభంలో చేతులన్నీ ఒకటే, ముఖాలు ఎదురెదురు. 95 దగ్గర ఓసారి, 77 దగ్గర మరోసారి దాని అయస్కాంతత్వం తలకిందులవుతుందని 1998లో నేచర్ పత్రికలో వచ్చింది.

ఇక్కడ భగవంతం పని ఏమిటి? సౌష్ఠవాన్ని బట్టి స్ఫటికాలు 32 వర్గాలు. స్పిన్ తిరగేయడాన్ని కూడా లెక్కలో వేస్తే 122. ఫలానా వర్గపు స్ఫటికంలో ఏ గుణం ఉండే వీలుంది, ఏది ఉండనే ఉండదు అని తేల్చే పద్ధతి గురించి ఆయన 1966లో ఒక పుస్తకం రాశారు: క్రిస్టల్ సిమెట్రీ అండ్ ఫిజికల్ ప్రాపర్టీస్. స్పిన్ ఆయనకి కొత్తేం కాదు. వెలుగు కణానికి స్పిన్ ఉందని రామన్‌తో కలిసి 1931లోనే ప్రయోగంతో చూపారు.

నాకు తెలిసిన దానితో పోలిస్తే ఇది ఛందస్సు. పాదంలో ఏ గణాలు పడతాయో, ఏవి పడవో చెబుతుంది. ఏ పద్యం వస్తుందో చెప్పదు.

అవనిగడ్డ నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి సరిగ్గా అక్కడే పట్టుకుంది. "ఎప్పుడూ ముందు చేతులేనా సార్ కుదిరేది?" కాదు. లాంథనం వెనడేట్‌లో ముందు ముఖాలే, 143 దగ్గర. చేతులు 141కి. తేడా రెండే డిగ్రీలు.

"మరి అందులో అట్టా ఎందుకు?"

లాంథనం యిట్రియం కంటే పెద్దది. అది పక్కనుంటే ఆక్సిజన్ పంజరాలు తక్కువ ఒరుగుతాయి. ఆ ఒరుగులో తేడా వస్తే చేతుల బేరమూ ముఖాల బేరమూ రెండూ మారిపోతాయి. ఈ సంగతి సౌష్ఠవం ఒక్కటే చెప్పలేదు. పరమాణువు పరిమాణాన్ని కూడా అడగాలి.

బెల్లు కొట్టారు. ఆ అమ్మాయి చెయ్యి ఇంకా దించలేదు.