నీరు పల్లమెరుగు

మా పడమటి మండలాలలో కాలువ అన్న మాట చిరకాలం పాఠ్యపుస్తకానికే పరిమితమైనది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులకు చెరువు తెలుసు, బావి తెలుసు, వెయ్యి అడుగులు దించినా దుమ్మే పోసే బోరు తెలుసు. అటువంటి చోట నా శిష్యుడొకడు కాలువ తవ్వించే ఉద్యోగంలో చేరాడు.

పుంగనూరు బడిలో నా దగ్గర తెలుగు చదువుకొని, మదనపల్లెలో సివిల్ ఇంజనీరింగు పూర్తిచేసి, 2016లో హంద్రీ-నీవా కుప్పం కాలువ పనిలో సైటు ఇంజనీరుగా కుదిరాడు. నెలకు 12,000 రూపాయల జీతం, రేకుల షెడ్డులో ఒక మంచం. నెల తిరగకముందే నన్ను చూడవచ్చాడు.

“ఎట్లుంది నాయనా పని?” అని అడిగాను.

“చదివింది లెక్కలు అయ్యవారూ, చేసేది కాపలా. సిమెంటు మూటలు ఎన్ని వచ్చినాయి, ఎన్ని అయిపోయినాయి, కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పోసినారా, ఇదే పొద్దస్తమానం. మేస్త్రీకి తెలిసిన దాంట్లో పావలా వంతు కూడా నాకు తెలీదు” అన్నాడు.

ఆ రోజు వాడు నాకు గురువై కాలువ పాఠం చెప్పాడు. శ్రీశైలం జలాశయం నిండు నీటిమట్టం 885 అడుగులు. మా ఊళ్లున్నది రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తున. కర్నూలు సీమలోని మల్యాల వద్ద తోడిన కృష్ణనీటిని మెట్టుమెట్టుగా పంపులతో ఎత్తుకుంటూ రావాలి. 2012లో అనంతపురం సీమలోని జీడిపల్లికి చేరిన ఆ నీరు అక్కడినుండి పుంగనూరు కాలువలోకి, పెద్దపంజాణి మండలంలో చీలి కుప్పం కాలువలోకి రావలసి ఉన్నది. ఎత్తిన తరువాత మాత్రం నీరు తనంత తానే నడవాలి. ఇటువంటి కాలువలో కిలోమీటరు పొడవునా ఒక జానెడు వాలుంటే చాలునట. కరెంటు పెట్టి కొనుక్కున్న ఎత్తు గనుక అంతకు మించి జారవిడుచుకోరాదట. నాకు ఛందస్సు గుర్తుకు వచ్చింది. అక్కడా ఒక్క మాత్ర అటూ ఇటూ అయితే నడక చెడుతుంది.

కొన్ని నెలల తరువాత ఒక రాత్రి పది గంటలకు ఫోను చేశాడు. గొంతు వణుకుతున్నది. ఉదయం లెవెలు యంత్రంలో 1.435 అని చదివి, పుస్తకంలో 1.345 అని వ్రాసుకున్నాడట. తాళపత్రాలలో మనం లేఖక దోషమని పిలుచుకునేది సరిగ్గా ఇదే. ఆ అంకెను నమ్ముకొని తవ్వించిన అరవై మీటర్ల అడుగుభాగం తొమ్మిది సెంటీమీటర్లు ఎత్తుగా నిలిచింది. సాయంత్రం తిరిగి బెంచిమార్కుకు వచ్చి సరిచూసుకున్నప్పుడు బయటపడింది. మరునాడే లైనింగు. కాంక్రీటు పడిందంటే మరి కనబడదు.

“చెబితే ఉద్యోగం పోతుందేమో అయ్యవారూ. పుస్తకంలో అంకె దిద్దుకుంటే ఎవరికీ తెలీదు” అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వినయంతో కాదు, సిగ్గుతో. చాలా ఏళ్ల క్రితం తొమ్మిదో తరగతిలో ‘ఏకైక’ అన్న పదాన్ని విడదీస్తూ, తొందరలో గుణసంధి అన్నాను. ఒక పిల్లవాడు లేచి, వృద్ధిసంధి కదా అని అడిగాడు. నలభైమంది ఎదుట ఓటమి ఒప్పుకోలేక కసిరి కూర్చోబెట్టాను. రేపు దిద్దుదామనుకున్నాను. ఆ రేపు రానే లేదు. పరీక్షలో ముగ్గురు గుణసంధి అనే వ్రాశారు. ఆ కాగితాలు దిద్దినవాణ్ణీ నేనే. వాళ్లకు మార్కు వేశాను గాని, నోరు మాత్రం విప్పలేదు.

ఆ సంగతి వాడికి చెప్పాను. చెప్పి, “నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. నీ విషయంలో రెండూ నీరే ఎరుగును. నేను చెయ్యని పని నిన్ను చెయ్యమంటున్నాను, తెల్లవారగానే చెప్పేయి” అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.

తెల్లవారి చెప్పాడట. పై ఇంజనీరు అందరిలో కేకలు వేసి, ఆ తరువాత మిషను పిలిపించి తొమ్మిది సెంటీమీటర్లూ తీయించాడట. ఉద్యోగం పోలేదు. ఆనాటినుండి ఏ అంకెనైనా పైకి చదివి, మేస్త్రీ చేత మళ్లీ పలికించి, అప్పుడు వ్రాసుకునేవాడట.

కాలువ పని ఏళ్ల తరబడి సాగింది. 2024 ఫిబ్రవరిలో రామకుప్పం మండలంలో ఒకసారి నీరు విడుదల చేశారు. పనులు తిరిగి సాగి, 2025 ఆగస్టు 30న కుప్పం పరమసముద్రం వద్ద జలహారతి జరిగింది. అప్పటికి వాడు వేరే రాష్ట్రంలో వంతెనల పనిలో ఉన్నాడు. నేను జనసందడి తగ్గాక బస్సెక్కి పెద్దపంజాణి వైపు వెళ్లి, వాడు చెప్పిన గుర్తుల ప్రకారం ఆ చోటు వెదికి, గట్టుమీద నిలబడి ఫోను చేశాను.

“నీళ్లు నిలబడినాయా అయ్యవారూ, పోతా ఉండాయా?”

“పోతా ఉండాయి నాయనా.”

అంతకంటె ఏమీ మాట్లాడుకోలేదు.

ఇంటికి వచ్చి ఇది వ్రాస్తున్నాను. నా తొమ్మిదో తరగతి పిల్లలెవరైనా ఇది చదవడం తటస్థిస్తే, ఇన్నేళ్ల తరువాతనైనా దిద్దుకోవలసిందిగా మనవి: ఏక + ఏక = ఏకైక. వృద్ధిసంధి. ఆనాడు లేచి అడిగిన పిల్లవాడిదే సరి.