మంచులో మూడు మాటలు

గుల్‌మార్గ్‌లో శిక్షణకు వెళ్ళే తెలుగు యువతీయువకుల కొరకు స్కీయింగ్ కరదీపిక నొకదానిని అనువదిస్తున్నాను. వేకువ తుషారానికీ, గడ్డకట్టిన నీటికీ, ఆకాశం నుండి రాలే హిమానికీ మనకు ‘మంచు’ ఒక్కటే మాట. వాలు మీద ఆ తేడా తెలియకపోతే కాళ్ళు విరుగుతాయి.

కార్వింగ్ స్కీ బద్దకు కొసలు వెడల్పు, నడుము సన్నం. పక్కకు వాల్చి అంచుపై నిలిస్తే బద్ద వంగి, తనంతట తానే మలుపు గీస్తుంది. గట్టిమంచుకు 80 మిల్లీమీటర్ల లోపు నడుము, పదునైన ఉక్కు అంచు కావాలి. అఫర్వత్ పైని పిండిమంచులో అదే బద్ద మునిగిపోతుంది. 100 మిల్లీమీటర్లు దాటినదైతే తేలుతుంది. అక్కడ అంచును అదిమిపెట్టరాదు, రెండు పాదాలపై బరువు సమంగా ఉంచాలి. ఎండకు కరిగిన చిత్తడిమంచు మరీ మొండిది, బద్దను పట్టేస్తుంది. మలుపులు నిదానంగా తీసుకోవాలి.

పండితమిత్రు లొకరు ‘హిమచూర్ణం’ మేలన్నారు. వాలు మీద అరిచి చెప్పవలసిన మాట కదా, ‘పిండిమంచు’నే ఉంచాను.