సిస్టమ్‌కూ ఒక వీక్లీ ఆఫ్

అచ్యుతాపురం సెజ్‌లో వేబ్రిడ్జి ఎక్కిన లారీ కిందికి దిగాలంటే పక్క గదిలో ఉన్న కంప్యూటర్ పలకాలి. బట్టల యూనిట్‌లో అట్టపెట్టె మీద అంటించే బార్‌కోడ్, మందుల కంపెనీలో నాణ్యత చూసే క్యూసీ ల్యాబ్‌లో శాంపిల్ ఫలితం, గేటు దగ్గర కాంట్రాక్టు కార్మికుల పాసు, డిస్పాచ్‌లో ఈ-వే బిల్లు, అన్నీ ఏదో ఒక సిస్టమ్ మీదుగానే నడుస్తున్నాయి. ఆ సిస్టమ్ తెర మూలన నెలకోసారి ఒక చిన్న పెట్టె లేస్తుంది. అప్‌డేట్ సిద్ధంగా ఉంది, రీస్టార్ట్ చేయమంటారా అని అడుగుతుంది. బయట లారీలు వరస కట్టి ఉంటాయి కాబట్టి ఆపరేటర్ ‘తర్వాత’ నొక్కుతాడు. నెల తిరిగేసరికి అదే సిస్టమ్‌లో అప్‌డేట్ ఇన్‌స్టాల్ కాలేదని రాసి ఉంటుంది. అప్పుడు ఐటీ వాళ్లకు ఫోన్ పోతుంది. ఇలా ఆగిపోయిన అప్‌డేట్‌ను అంతుపట్టని సాంకేతిక చిక్కుగా చూడటం మనకు అలవాటైపోయింది. చాలా సందర్భాల్లో అది చిక్కు కాదు, వేళ దొరకని పని అని నా వాదన. దానికంటూ ఒక రోజు, ఒక గంట, ఒక బాధ్యుడు లేకపోతే ఎన్ని కమాండ్లు కొట్టినా వచ్చే నెల మళ్లీ అదే కథ.

వేళ సంగతే ముందు చూద్దాం. 2003 అక్టోబర్ నుంచి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలను నెలలో రెండో మంగళవారం విడుదల చేస్తోంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలంటే మనకు రాత్రి పదిన్నర, వాళ్ల చలికాలంలో పదకొండున్నర. సరిగ్గా రాత్రి నడిచే సి షిఫ్టు వాళ్లు కుర్చీల్లో సర్దుకునే సమయం. మనుషులు పని చేసే గంటల్లో తనంతట తాను రీస్టార్ట్ కాకుండా విండోస్‌లో ‘యాక్టివ్ అవర్స్’ అనే ఏర్పాటు ఉంది. అయితే దాని గరిష్ఠ పరిమితి 18 గంటలు. రోజుకు ఆరు గంటలైనా ఖాళీగా ఉండే ఆఫీసును ఊహించుకుని చేసిన ఏర్పాటది. మూడు షిఫ్టులూ నడిచే ఫ్యాక్టరీలో అలాంటి ఆరు గంటలు ఉండవు. ఫలితంగా ఆ సిస్టమ్ అయితే అసలు రీస్టార్ట్ కాదు, లేదంటే లోడింగ్ మధ్యలో అయిపోయి అందరి చేతా తిట్లు తింటుంది. ఆ తిట్లు పడలేక ఎవరో ఒకరు అప్‌డేట్లను పూర్తిగా ఆపేస్తారు. అక్కడితో సమస్య కంటికి కనబడకుండా పోతుంది, అంతే.

పగటిపూట మాత్రమే నడిచే ఆఫీసులో ఇంకో తిరకాసు ఉంది. ‘రోజూ షట్‌డౌన్ చేసే వెళ్తున్నాం, ఇంకా రీస్టార్ట్ ఏమిటి?’ అంటారు. విండోస్ 8 నుంచి వచ్చిన ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు వ్యవస్థ పూర్తిగా ఆరిపోదు. తన లోపలి భాగాన్ని డిస్కులో దాచుకుని, పొద్దున అక్కడి నుంచే లేస్తుంది. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ కింద ‘అప్ టైమ్’ చూస్తే, రోజూ ఆపుతున్నామనుకున్న సిస్టమ్ వారాల తరబడి నడుస్తూనే ఉన్నట్టు చూపిస్తుంది. రీస్టార్ట్ కోసం ఎదురుచూసే అప్‌డేట్‌కు ఆ షట్‌డౌన్ చాలకపోవచ్చు. మిగతా కారణాలూ ఇంత మామూలువే. సి డ్రైవ్ నిండిపోయి ఉంటుంది. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సర్వర్ చూపించే సర్టిఫికెట్ చెల్లదు, దాంతో అప్‌డేట్ మొదలే కాదు. వీటిలో ఒక్కదానికీ గొప్ప నైపుణ్యం అక్కర్లేదు. నెలకోసారి ఎవరో ఒకరు కూర్చుని చూస్తే చాలు.

నిజంగానే చిక్కైన సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. వాటిలోనూ తొందరే ఎక్కువ నష్టం చేస్తుంది. 2024 జనవరి 9న వచ్చిన కేబీ5034441 అనే సవరణనే తీసుకోండి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌ను రికవరీ భాగం గుండా దాటిపోగల లోపాన్ని సరిచేయడానికి వచ్చిందది. చాలా సిస్టమ్‌లలో అది దిగలేదు. తెర మీద 80070643 అనే అంకెతో ఇన్‌స్టలేషన్ విఫలమైందన్న మాట తప్ప మరేమీ లేదు. అసలు కారణమేమిటంటే, డిస్కులో రికవరీకి కేటాయించిన చిన్న విభాగంలో 250 ఎంబీ ఖాళీ లేకపోవడం. ఆ సంగతి తెర చెప్పలేదు. మైక్రోసాఫ్ట్ తన సహాయ పేజీలో చెప్పింది. విభాగాన్ని చేత్తోనే పెంచుకోవాలని, దానంతటది సర్దుకునే మార్గం రాదని ఆ తర్వాత తేల్చింది కూడా. కేబీ నంబరు, ఎర్రర్ అంకె రాసుకుని ఆ పేజీ వెతికినవాడికి దారి దొరికింది. వెతకనివాడు కాష్ ఫోల్డర్ చెరిపి, సర్వీసులు ఆపి మళ్లీ మొదలుపెట్టి, అవేవీ పనిచేయక ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అన్నాడు. ఫార్మాట్ కొడితే వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ లైసెన్సు, ప్రింటర్ సెట్టింగులు, బ్యాకప్ లేని నాలుగేళ్ల రికార్డులు కలిసి పోతాయి. కాబట్టి మొదట చదవాలి, తర్వాత తేదీ, ఖాళీ, నెట్ చూడాలి, అవి బాగుంటేనే విండోస్ సొంత మరమ్మతు పనిముట్లకు పోవాలి. ఫార్మాట్ చిట్టచివరిది. ఈ వరస పాటించాలంటే చేసేవాడికి కాస్త తీరిక ఉండాలి. లారీ హారన్ కొడుతుంటే ఎవడూ సహాయ పేజీ చదవడు.

వాయిదా ఖరీదెంతో మన రాష్ట్రానికి ఇదివరకే తెలిసింది. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, తియ్యాలంటే బిట్‌కాయిన్‌లలో డబ్బు కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో సుమారు వంద కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. దెబ్బతిన్న జిల్లాల్లో విశాఖపట్నం, శ్రీకాకుళం కూడా ఉన్నాయి. అచ్యుతాపురం అప్పటికి విశాఖ జిల్లాలోనే ఉండేది. వాన్నాక్రై ఏ కన్నం గుండా దూరిందో, ఆ కన్నాన్ని మూసే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. మధ్యలో 59 రోజులున్నాయి. ప్రపంచం మొత్తం మీద దెబ్బతిన్న వాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 యంత్రాలు. అంటే మందు అందుబాటులో ఉన్నవే. 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి మాత్రం దాడి జరిగాక మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా సవరణ ఇచ్చింది. ఆ 59 రోజుల్లో అప్‌డేట్ వద్దని ఫైలు మీద నిర్ణయం రాసిన ఆఫీసులు ఎన్ని ఉంటాయి? ఎవరూ నిర్ణయించకుండానే రోజులు గడిచిపోయాయి.

‘అప్‌డేట్ వేశాకే కదా బాగున్న సిస్టమ్ పాడైంది’ అన్నది మొదటి అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టెయ్యకూడదు. 2021 జూన్, జూలై అప్‌డేట్ల తర్వాత యూఎస్‌బీ మీద నడిచే కొన్ని లేబుల్, రసీదు ప్రింటర్లు, ముఖ్యంగా జీబ్రా వాళ్లవి, పనిచేయడం మానేశాయి. లేబుల్ లేనిదే పెట్టె కదలని బట్టల యూనిట్‌కు అదెంత నష్టమో చెప్పనక్కర్లేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు 85 లక్షల విండోస్ యంత్రాలను బ్లూ స్క్రీన్‌తో కూలదోసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది విండోస్ అప్‌డేట్ కాదు కానీ, మన చర్చకు పనికొచ్చే పాఠం అందులో ఉంది. ఆ ఫైలు బయట ఉన్నది గంటన్నర లోపే. ఒకేసారి అందరికీ వెళ్లడం వల్లే అంత విధ్వంసం జరిగింది. నాలుగు సిస్టమ్‌లలో ముందు వేసి, రెండు రోజులు చూసి, తర్వాత మిగతావాటికి వేసే పద్ధతి ఉంటే నష్టం ఆ నాలుగింటి దగ్గరే ఆగుతుంది. ఆ నాలుగింటిలో లేబుల్ ప్రింటర్ తగిలించినది ఒకటి ఉండాలి. అంటే ఈ అభ్యంతరం అప్‌డేట్ ఎందుకు వెయ్యకూడదో చెప్పడం లేదు, ఎలా వెయ్యాలో చెబుతోంది. వారం పది రోజుల ఆలస్యం ఇక్కడ తప్పు కాదు, వివేకం. ముగింపు తేదీ లేని ఆలస్యమే తప్పు.

రెండో అభ్యంతరం మందుల కంపెనీలది, ఇది ఇంకా బలమైనది. క్యూసీ ల్యాబ్‌లో శాంపిళ్లను విశ్లేషించే హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని నడిపే సిస్టమ్ మామూలు ఆఫీసు సిస్టమ్ కాదు. అమెరికాకు మందు పంపాలంటే ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాలపై అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన ‘పార్ట్ 11’ నిబంధనలకు లోబడాలి. సిస్టమ్‌లో మార్పు చేయాలంటే చేంజ్ కంట్రోల్ రాయాలి, నాణ్యతా విభాగం (క్యూఏ) సంతకం కావాలి, ఫలితాలు మునుపటిలాగే వస్తున్నాయని పరీక్షించి చూపాలి. ‘వ్యాలిడేట్ చేసిన సిస్టమ్‌ను ముట్టుకోవద్దు’ అన్న మాట అలా పుట్టింది. అయితే నిబంధన మార్పును నిషేధించలేదు, రాసిపెట్టి, పరీక్షించి చేయమంది. పైగా రికార్డు భద్రంగా ఉండాలన్నదే దాని ఉద్దేశం. రాన్సమ్‌వేర్ తాళం వేసిన రికార్డును ఏ ఆడిటర్‌కు చూపిస్తారు? 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే సైబర్ దాడికి మెర్క్ అనే మందుల కంపెనీ ఉత్పత్తి దెబ్బతిని, తన టీకా కోసం అమెరికా ప్రభుత్వ నిల్వల నుంచి డోసులు అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. 2020 అక్టోబర్ 22న మన డాక్టర్ రెడ్డీస్ సైబర్ దాడిని గుర్తించి డేటా సెంటర్ సేవలన్నింటినీ విడదీసుకుంది. తర్వాత అది రాన్సమ్‌వేర్ అని తెలిపింది. మందుల తయారీని ఎవరూ జోలికి రాని రంగం అనుకోవడానికి ఇక వీల్లేదు. నెలనెలా వెయ్యడం కుదరని ల్యాబ్ సిస్టమ్‌ను ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వేరుచేసి, మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి చేంజ్ కంట్రోల్ కిందే వెయ్యవచ్చు. ఆ గడువు కాగితం మీద ఉండాలి.

‘మా సిస్టమ్‌కు ఇంటర్నెట్టే లేదు’, ‘మా చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు మీద ఎవరికి పని?’ అన్నవి మిగిలిన రెండు అభ్యంతరాలు. ఇంటర్నెట్ లేని చోటికి పెన్‌డ్రైవ్ పోతుంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ ఇరాన్ అణు కేంద్రంలోకి అలాగే వెళ్లిందని నిపుణులు భావిస్తారు. వాన్నాక్రై అయితే ఎవరి పేరూ ఊరూ అడగలేదు. నెట్‌వర్క్‌లో ఒక్క యంత్రానికి అంటుకుంటే, ఎవరూ ఏమీ క్లిక్ చేయకపోయినా పక్కవాటికి పాకింది. చిన్న ఆఫీసుకు ప్రమాదం తక్కువన్న లెక్క అక్కడే చెదిరిపోతుంది. నాట్‌పెట్యాలో సవరణ వేసిన యంత్రాలూ కొన్ని పడిపోయిన మాట వాస్తవమే. అది సోకిన యంత్రంలో దొరికిన పాస్‌వర్డులతో కూడా పక్కవాటికి పాకింది. అప్‌డేట్ ఒక్కటే సర్వరక్ష అని నేను అనడం లేదు. బ్యాకప్ కావాలి, అందరికీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డు ఉండకూడదు. కానీ తెలిసిన కన్నాన్ని తెరిచి ఉంచడానికి అది సాకు కాదు.

ఇంతకీ ‘తర్వాత’ నొక్కిన ఆపరేటర్‌ది తప్పా? కాదు. అతని జీతం లారీల లెక్క మీద, పెట్టెల లెక్క మీద ఉంది. సిస్టమ్ ఆపే అధికారం అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఆ అధికారం ఉన్నవాళ్లకు తెర మీద లేచే ఆ పెట్టె కనిపించదు. బాయిలర్‌కు ఏటా తనిఖీ ఉంటుంది, దానికి షట్‌డౌన్ తేదీ ముందే ఖరారవుతుంది. వేబ్రిడ్జికి తూనికలు కొలతల శాఖ ముద్ర 12 నెలలకోసారి పడాల్సిందే. ఆ కాటా చెప్పిన బరువును రికార్డు చేసే సిస్టమ్‌కు మాత్రం ఏ తేదీ లేదు. ఈ తేడాకు కారణం సాంకేతిక విభాగం తప్పు కాదు, యాజమాన్యం లెక్కలో కంప్యూటర్ ఇంకా యంత్రంగా ఎక్కకపోవడం. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఈ లెక్క ఇప్పుడు మరీ అవసరం. విడిగా పొడిగింపు పొందనివాటికి ఇక ఆ పెట్టె కూడా లేవదు. ఆ నిశ్శబ్దాన్ని ఆరోగ్యమని పొరబడటం తేలిక.

చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. రెండో మంగళవారం తర్వాతి రోజుల్లో పరీక్ష సిస్టమ్‌లు, ఆ పై వారం ప్రతి విభాగానికీ షిఫ్టు మారే వేళ ఒక గంట. వేబ్రిడ్జి లాంటి చోట ఆ గంటకు ప్రత్యామ్నాయ సిస్టమ్ ఒకటి సిద్ధంగా ఉండాలి. బిట్‌లాకర్ రికవరీ కీలు, క్రౌడ్‌స్ట్రైక్ నాడు చాలామంది వెతుక్కున్నట్టు వెతుక్కోకుండా, ఆ సిస్టమ్‌లో కాక వేరేచోట భద్రంగా ఉండాలి. ఏ సిస్టమ్‌కు ఏ కేబీ దిగింది, ఏది ఎందుకు ఆగింది, ఎవరు చూశారు అని ఒక రిజిస్టర్. ఆగిన ప్రతి అప్‌డేట్‌కూ ఎదురుగా ఒక కారణం, ఒక తేదీ, ఒక సంతకం. ‘ఈ నెల వెయ్యం’ అని రాసి సంతకం పెట్టడం కూడా సమ్మతమే, ఎందుకంటే అది ఒకరు తీసుకున్న నిర్ణయం. కంపెనీలు ఒప్పుకోనిది నెలకు ఒక గంట ఆపడానికే. దాడి జరిగిన రోజున ఆగే గంటలను లెక్కపెట్టేది వాళ్లు కాదు, వాళ్ల షట్‌డౌన్ తేదీని నిర్ణయించేది ఎక్కడో కూర్చున్న అపరిచితుడు. తేదీ ఎవరు నిర్ణయించాలో ఎంచుకునే వీలు ఇప్పటికైతే కంపెనీ చేతిలోనే ఉంది.