మొదటి వానకు దిగివచ్చు తల్లి



మన అనంతపురము మెట్టలలో మొదటి వాన కొరకు కనిపెట్టుకొని యుండునది వేరుశనగ విత్తనము సిద్ధపరచుకొన్న రైతు ఒక్కడే కాదు. ఆయన పాదముల క్రింద, ఎండకు గట్టిబడిన ఎర్రనేలలో, రెక్కలు వచ్చిన ఆడచీమలును మగచీమలును అదే వాన కొరకు కాచుకొని యుండును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమ మనది. ఒక మంచి వాన పడి నేల మెత్తబడిన సాయంత్రము అవి పుట్టలు విడిచి పైకెగురును. అదే వాటి పెండ్లి. పెండ్లియైన మగచీమలు త్వరలోనే చచ్చును. ఆడచీమ నేలకు దిగి, తన రెక్కలను తానే రాల్చుకొని, దాగుటకు చోటు వెదకుకొనుచు పరుగెత్తును. మనము రాణిచీమ అని పిలుచునది దీనినే.

మూడేండ్లుగా మేమును మా పిల్లలును ఈ తల్లులను గుర్తుపట్టి, ఒకటి రెండింటిని ఇంటిలో పెంచి చూచుచున్నాము. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఓపిక మాత్రము కావలెను.

ముందుగా గుర్తుపట్టుట. దీపము చుట్టు మూగు రెక్కల పురుగులన్నియు చీమలు కావు. మన పెద్దలు పట్టి వేయించి బొరుగులతో తిను ఉసిళ్ళు చెదపురుగుల జాతివి. ఉసిలికి నాలుగు రెక్కలును ఒకే పొడవు, నడుము లావు, మీసములు తిన్నగా పూసలు గ్రుచ్చినట్లుండును. చీమకైతే ముందు రెక్కలు పొడవు, వెనుకవి పొట్టి. నడుము సన్నము, మీసములు మోచేతివలె వంగియుండును. రెక్కలు రాలిన రాణిని పని చీమలనుండి వేరుపరచుటకు దాని వీపు చూడవలెను. గండుచీమలలో పెద్ద తలకాయ గల పని చీమలును ఉండును గనుక పరిమాణము చూచి మోసపోరాదు. రాణి వీపు, రెక్కలను మోసినది గనుక, ఎత్తుగా ఉబ్బియుండును. రెక్కలు ఊడిన చోట చిన్న మచ్చలు కనబడును. పొట్టయు పెద్దదిగా నుండును. మన వీధి దీపముల క్రింద దొరకు గండుచీమ రాణి సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పొడవుండును.

ఇక పెంచుట. బడిలో సైన్సు గదిలో వాడు గాజు గొట్టము ఒకటి తీసికొనుడి. మూడవ వంతు నీళ్ళు పోసి, నీటిని తాకునట్లు దూదిని లోనికి బిగించుడి. తడి దూదికి ఇవతల రాణిని విడిచి, గొట్టము నోటికి గాలి ఆడునట్లు మరియొక దూది పెట్టుడి. గొట్టమునకు గుడ్డ చుట్టి, ఎండ తగులని చోట, నీళ్ళ కుండ దాపున కదలకుండ ఉంచుడి. వారమునకు ఒక్కసారి మించి తీసి చూడరాదు. మాటిమాటికి కదిలించినయెడల రాణి బెదిరి తన గ్రుడ్లను తానే తినివేయును.

ఆహారము మాట ఏమందురా? గండుచీమ రాణికి మొదటి బిడ్డలు బయటికి వచ్చువరకు ఏమియు పెట్టనక్కరలేదు. బయట నేలలోనైనను అది చిన్న గది త్రవ్వుకొని, వాకిలి మూసికొని, ఆకలితోనే యుండును. ఇకమీదట ఎగురనక్కరలేదు గనుక, రెక్కలను ఆడించిన కండలు దాని ఒంటిలోనే కరగిపోవును. ఆ కండయు, ఒంటిలో నిలువయున్న క్రొవ్వును ఆహారమై, దాని నోటినుండి బిడ్డలకు చేరును. గ్రుడ్డు పురుగై, పురుగు పట్టుగూటిలో చేరి, నెల నుండి ఆరు వారములలో నాలుగైదు పని చీమలు బయటికి వచ్చును. కరవులో పుట్టిన బిడ్డలు గనుక అవి చాల చిన్నవి. అయినను వాకిలి తెరచి మేతకు వెళ్ళి, తల్లికి మొదటి ముద్ద తెచ్చిపెట్టునవి అవే. అప్పుడు మనము తేనె కలిపిన నీటిచుక్క, చంపిన ఈగ ముక్క పెట్టవలెను. పురుగుమందు తగిలినదేదియు పెట్టరాదు.

మా సంఘములో ఒక బాలుడున్నాడు. వాని తలిదండ్రులు పంట పోయిన ఏడు కూలికి బెంగళూరు వెళ్ళిరి. వాడు అవ్వ యొద్ద ఉన్నాడు. వానికి ఒక గొట్టము ఇచ్చితిమి. ఇరువది దినములు గడచిన తరువాత వాడు వచ్చి, "అయ్యగారూ, అది ఏమీ తినలేదు. సచ్చిపోదా?" అని అడిగెను. రెక్కల కండ సంగతి మేము వివరించుచుండగా ప్రక్కనున్న అవ్వ విని, "బిడ్డల కోసరం ఒళ్ళు కరగదీసుకునేది ఆడదానికి కొత్తేం కాదులే అయ్యగారూ" అనెను. బాలుడు ఏమియు మాటలాడలేదు. ఆ ఆదివారము వాడు అవ్వ ఫోనులో తల్లితో చాలసేపు మాటలాడెనని తరువాత తెలిసెను.

చీమలకు అధిపతి గాని ఏలువాడు గాని లేడని సామెతల గ్రంథము 6వ అధ్యాయములో చదివిన మనకు ఈ రాణి ఎవరను ప్రశ్న రావచ్చును. రాణి అను పేరు మనుష్యులు పెట్టినది. అది ఆజ్ఞలిచ్చుట లేదు. ఏ చీమ ఏ పని చేయవలెనో నిర్ణయించుట లేదు. గ్రుడ్లు పెట్టుటయే దాని పని. అది ఏలిక కాదు, తల్లి.

అన్ని జాతుల తల్లులును ఒకే రీతిగా నుండవు. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన టి.సి. జెర్డన్ దొర 1851లో దక్షిణ దేశపు చీమల జాబితా ప్రచురించెను. అందులో ఆయన వర్ణించిన గెంతుచీమ రాణి వాకిలి మూసికొని కూర్చుండక, తానే బయటికి వెళ్ళి వేటాడి బిడ్డలను పోషించును. అట్టి రాణిని గొట్టములో మూసి ఆహారము పెట్టనియెడల అది చచ్చును. కాబట్టి జాతి తెలియనప్పుడు విడిచిపెట్టుటయే మేలు.

మేము పెంచిన ఐదు రాణులలో రెండే బిడ్డలను చూచినవి. ఒకటి గ్రుడ్డే పెట్టలేదు. పెండ్లి కాకమునుపే రెక్కలు రాల్చుకొనునవి కూడ కలవు. అట్టివాటికి పని చీమలు పుట్టవు. బయట నేలలోనైతే పక్షులు, బల్లులు, తొండలు పోగా మిగులునవి బహు కొద్ది. ఆ కొద్దిలోనే రాబోవు ఏండ్ల పుట్టలన్నియు ఉన్నవి. అందుకే అత్యాశ కూడదు. 2025 ఏప్రిల్ నెలలో కెన్యా దేశములో ఇద్దరు బెల్జియము యువకుల యొద్ద సుమారు 5,000 రాణిచీమలు గాజు గొట్టములలో దొరికెను. పెంచు సరదా గలవారు డబ్బిచ్చి కొనుచుండుటచేత అక్కడ ఇది దొంగ వ్యాపారమైనది. మే నెలలో న్యాయస్థానము పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, చెల్లించనియెడల ఏడాది చెరసాల విధించెను.

ఈ సారి వాన పడిన సాయంత్రము మీ పిల్లలను దీపము క్రిందికి తీసికొని పొండి. ఇంటికి ఒక్క రాణి చాలును. పుట్టను త్రవ్వకుడి, దూరపు ఊరినుండి తేకుడి. పెంచలేమని తోచినయెడల దొరికిన చోటనే, తడి నేలమీద, రాతి ప్రక్కన విడిచిపెట్టుడి. మిగిలినది అది ఎరుగును.