లేడీ మాక్‌బెత్ బలహీనురాలా?

మాక్‌బెత్, లేడీ మాక్‌బెత్‌లలో ఎవరు బలవంతులు? డిగ్రీ పరీక్షల్లో తరచూ కనిపించే ప్రశ్న ఇది. గైడుల్లో జవాబు తయారుగా ఉంటుంది. మొదట్లో ఆమె, చివరికి అతను. స్త్రీ హృదయం సున్నితం కాబట్టి ఆమెకి మతి చలించింది, అతను వీరుడు కాబట్టి కత్తి పట్టుకునే చచ్చాడు. ఎనిమిదేళ్ళుగా ఈ జవాబు దిద్దుతున్నాను. మార్కులు వేస్తాను గానీ, ఆ 'కాబట్టి' దగ్గర ప్రతిసారీ చెయ్యి ఆగుతుంది.

అసలు బలాన్ని దేనితో కొలుస్తున్నాం? చంపగలగడంతోనా? అలా చూసినా లెక్క కుదరదు. డంకన్‌ని పొడిచిన యోధుడు కత్తుల్ని అక్కడ వదలకుండా చేత్తో పట్టుకొచ్చేశాడు. మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళలేనన్నాడు. వెళ్ళింది ఆమె. కాపలావాళ్ళకి నెత్తురు పులిమింది ఆమె. విందులో బాంకో దయ్యాన్ని చూసి అతను కేకలు పెడుతుంటే అతిథులకు సర్దిచెప్పి పంపిందీ ఆమే. నిద్రపోతున్న డంకన్‌లో తండ్రి పోలిక కనిపించి తాను పొడవలేకపోయిందన్నదీ నిజమే. ఆమెని నిర్దోషిని చెయ్యాలన్న తాపత్రయం నాకు లేదు. హత్యలో ఆమెకి సగం వాటా ఉంది.

నన్ను వదలనిది మూడో అంకం. తనకు దక్కబోయే వైభవం గురించి మొదట ఆమెకే ఉత్తరం రాసిన మనిషి, రాజయ్యాక బాంకో హత్యకు చేసిన ఏర్పాటు చెప్పడు. ముద్దుపేరుతో పిలిచి మరీ తప్పిస్తాడు. విందు తర్వాత నాలుగో అంకమంతా ఆమె లేదు. ఐదో అంకంలో నిద్రలో నడుస్తూ కనిపిస్తుంది. పద్యంలో మాట్లాడిన మనిషి ఇప్పుడు ముక్కలు ముక్కలుగా వచనం మాట్లాడుతుంది. మాక్‌డఫ్ భార్య ఏమైందని అడుగుతుంది. ఆ హత్య అతనొక్కడే తలపెట్టి చేయించినది. నిద్ర అతనికీ లేదు. కానీ తెల్లవారితే అతనికి కోట ఉంది, సైన్యం ఉంది, ఇంకో శత్రువు ఉన్నాడు. ఆమెకేముంది?

మా పెద్దమ్మ నగలు తాకట్టు పెట్టి చీరల కొట్టుకి పెట్టుబడి తెచ్చింది. రాత్రిళ్ళు పద్దులు రాసింది. కొట్టు రెండంతస్తులయ్యాక పెదనాన్న గుమాస్తాని పెట్టి, "ఇంక నువ్వు సుఖంగా ఉండవే" అన్నారు. ఆవిడకి నిద్రపట్టని జబ్బు ఆ తర్వాతే మొదలైంది. మెత్తటి మనిషని బంధువులు జాలిపడ్డారు. పెద్దమ్మ ఎవరినీ చంపలేదు, పోలిక అంతదూరం లాగను. భర్త ద్వారా తప్ప బయటికి రావడానికి వీల్లేని బలం, ఆ దారి మూసుకుపోతే మనిషిని లోపల్నుంచి ఎలా తినేస్తుందో మాత్రం ఆవిడ దగ్గరే చూశాను.

చరిత్రలోని మాక్‌బెత్ 1040 నుంచి 1057 దాకా స్కాట్లండ్‌ని ఏలాడు. అతని భార్య గ్రూఖ్ స్వయంగా రాజవంశంలో పుట్టినది. నాటకంలో ఆ పేరు కూడా మిగల్లేదు.

1785లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో సారా సిడన్స్ ఈ పాత్ర వేసింది. నిద్రనడక సన్నివేశంలో కొవ్వొత్తి చేతిలోనే ఉండాలన్నది అప్పటి ఆనవాయితీ. కింద పెట్టొద్దని థియేటర్ నడిపే షెరిడన్ పట్టుబట్టాడు. ఆమె పెట్టింది. కొవ్వొత్తి పట్టుకుని చేతులు కడుక్కోవడం ఎలా కుదురుతుందన్నది ఆమె వాదన. విమర్శకులు రాసిన చాలా పేజీల కంటే నాకు ఈ వాదన ఎక్కువ పనికొచ్చింది. సిడన్స్ ఆమె బలహీనతని కాదు, ఆ చేతులకు మిగిలిన ఒకే ఒక్క పనిని చూసింది.

రాణి చావు మనకి కనిపించదు. లోపల్నుంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తుంది, తర్వాత కబురొస్తుంది. అది విని మాక్‌బెత్ బతుకు గురించి చెప్పే మాటలు మా పిల్లల్లో చాలామందికి కంఠతా వచ్చు. మొదటి వాక్యం దాటాక అందులో ఆమె లేదు. ఆత్మహత్య చేసుకుందట అని చివర్లో కొత్తరాజు అంటాడు. అదీ వినికిడే.